శునకాలకు సంపూర్ణ శాకాహారం – సమతుల్యతకు కొలమానం ఏది?

యజమాని మాంసం ముట్టడు; ఆయన ఇంట పెరిగే కుక్క మాంసాహార జంతువుల వర్గానికి చెందినది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం తెలుగునాట కొత్త సమస్య కాదు. తరతరాలుగా శాకాహార కుటుంబాలు తమ కుక్కలకు పెరుగన్నమో, పాలన్నమో, పప్పన్నమో పెట్టి పెంచుతూనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన మార్పులు రెండు. పాలు, పెరుగు, గుడ్డు, తేనె సహా జంతు సంబంధమైన ఏ పదార్థాన్నీ వాడని వీగన్ జీవన విధానాన్ని అనుసరించే కుటుంబాలు నగరాలలో కనిపిస్తున్నాయి. తాము పాటించే నియమాన్నే పెంపుడు కుక్కకూ వర్తింపజేయాలని అవి కోరుకుంటున్నాయి. ఇక, వెనుకటి పెరటి కుక్క స్థానంలో, అపార్ట్‌మెంటులో పెరుగుతూ, యజమాని గిన్నెలో పెట్టినది తప్ప మరొకటి తినే వీలులేని కుక్క వచ్చింది. మొదటి మార్పు గురించి వాదోపవాదాలు విస్తారంగా జరుగుతున్నాయి. రెండవ మార్పును ఎవరూ అంతగా గమనించడం లేదు. పోషణ దృష్టితో చూస్తే రెండవదే ముఖ్యమైనది.

ఎదిగిన, ఆరోగ్యవంతమైన కుక్కను జంతు పదార్థాలు లేని సమతుల్య ఆహారంతో పోషించడం శాస్త్రీయంగా సాధ్యమేనని ఇప్పటి విజ్ఞానం సూచిస్తున్నది. అయితే ఆ వాక్యంలో బరువంతా ‘సమతుల్య’ అన్న మాట మీదనే ఉన్నది. ఆ మాటను నిజం చేసే బాధ్యతను కేవలం గృహిణి వంటగదికో, తయారీదారు ప్రకటనకో వదిలివేయడం సరికాదు. ధాన్యాలు, అపరాలు, నూనెగింజలపై దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇందులో నిర్దిష్టమైన పాత్ర ఉన్నది.

కుక్క తోడేలు కాదు

వీగన్ ఆహారాన్ని వ్యతిరేకించేవారు తరచుగా చేసే వాదన ఒకటి ఉన్నది: కుక్క తోడేలు సంతతి కనుక మాంసమే దాని సహజాహారం. సంతతి విషయం నిజమే గాని, దాని నుంచి తీసిన నిర్ణయం నిలువదు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన జన్యు అధ్యయనం ఈ విషయంలో కీలకమైనది. పిండి పదార్థాన్ని జీర్ణం చేసే క్లోమ అమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేళ్ళలో రెండు ప్రతులుగా మాత్రమే ఉండగా, కుక్కలలో 4 నుంచి 30 వరకు ప్రతులు ఉన్నట్లు వారు గుర్తించారు. మాల్టోజును గ్లూకోజుగా మార్చే ఎంజైములోను, ఆ గ్లూకోజును పేగుల నుంచి గ్రహించే వ్యవస్థలోను కూడా మార్పులు కనిపించాయి. మనిషి సేద్యం నేర్చి, ధాన్యం పండించి, ఆ ధాన్యపు శేషాన్ని కుక్కకు పెట్టిన చరిత్ర ఆ జంతువు జన్యువులలోనే నమోదై ఉన్నదన్నమాట. సేద్య చరిత్రను చదివే విద్యార్థికి ఇంతకంటె ఆసక్తికరమైన సాక్ష్యం అరుదు.

ఇక్కడ పిల్లికీ కుక్కకూ గల భేదాన్ని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. పిల్లి కచ్చితమైన మాంసాహారి. టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని అది తగినంత తయారు చేసుకోలేదు. బీటా కెరోటిన్‌ను విటమిన్ ఏ గా మార్చుకోలేదు. అరాకిడోనిక్ ఆమ్లాన్ని లినోలిక్ ఆమ్లం నుంచి చాలినంత నిర్మించుకోలేదు. కుక్క ఈ మూడింటినీ చేయగలదు. మెథియోనిన్, సిస్టీన్‌ల నుంచి దాని కాలేయం టారిన్‌ను తయారు చేస్తుంది. మునగాకు, గుమ్మడి, క్యారెట్ వంటి వాటిలోని కెరోటిన్‌ను అది విటమిన్ ఏ గా వాడుకుంటుంది. అందువల్ల కుక్క విషయంలో చెప్పినది పిల్లికి అన్వయించడం ప్రమాదకరం. విస్తరణ కార్యకర్తలు ఈ తేడాను మొదటి మాటగానే చెప్పాలి.

అయితే కుక్కకు తయారు చేసుకునే శక్తి ఉన్నదంటే ముడిసరుకు అందించనక్కరలేదని అర్థం కాదు. మెథియోనిన్ తక్కువైన ఆహారం పెట్టి టారిన్ తయారు కావాలని ఆశించడం, నత్రజని వేయకుండా వరి దుబ్బు కట్టాలని ఆశించడం వంటిదే.

పల్లె కుక్క సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

“ఊళ్ళో కుక్కలన్నీ అన్నం తినే బతుకుతున్నాయి కదా” అన్న మాట సర్వత్రా వినిపిస్తుంది. ఇది పరిశీలించదగిన వాదన. ఊరి కుక్క ఇంటింటా వేసే గంజన్నంతో మాత్రమే జీవించదు. పెంటకుప్పల మీద ఎముకలు ఏరుకుంటుంది. చేలలో ఎలుకలను పట్టుకుంటుంది. ఈనిన పశువు మాయను తింటుంది. చచ్చిన కోడిని లాక్కుపోతుంది. మలాన్ని సైతం వదలదు. మనుషులకు ఏవగింపు కలిగించే ఈ తిండే దానికి కాల్షియాన్ని, విటమిన్ బి12ను, అవసరమైన అమైనో ఆమ్లాలను సమకూరుస్తున్నది. అన్నం దానికి శక్తినిచ్చే ఆధారం మాత్రమే. మిగిలిన లోటును అది తానే తిరిగి పూడ్చుకుంటున్నది. పైగా వీధిలో పుట్టిన పిల్లలలో ఎన్ని ఏడాది నిండేదాకా బతుకుతాయన్న లెక్క ఈ వాదనలో ఎప్పుడూ చేరదు. బతికిన వాటిని చూసి ఆహారం చాలినదని నిర్ణయించడం, గట్టెక్కిన మొక్కలను మాత్రమే లెక్కించి మొలకశాతం నూరు అని రాసుకోవడం వంటిది.

మూడవ అంతస్తులో గొలుసుకు కట్టి ఉన్న కుక్కకు ఆ స్వేచ్ఛ లేదు. దాని గిన్నెలో లోపించినది దాని జీవితంలోనే లోపిస్తుంది. అందువల్ల ఊరి కుక్క అనుభవాన్ని దానికి ప్రమాణంగా చూపడం పొరపాటు.

ఒక చిన్న లెక్క

ఈ విషయాన్ని అంకెలతో పరిశీలించడం మేలు. పది కిలోల బరువున్న ఎదిగిన కుక్కకు దాని చురుకుదనాన్ని బట్టి రోజుకు సుమారు 550 నుంచి 700 కిలో కేలరీల శక్తి కావాలి. 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు వండి పెడితే దాదాపు 630 కిలో కేలరీలు సమకూరుతాయి. కుక్క కడుపు నిండుతుంది; బరువు తగ్గదు; యజమానికి ఏ లోటూ కనిపించదు.

కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలను ముందు పెట్టుకొని చూస్తే చిత్రం మారుతుంది. ఆ బియ్యంలో ఉన్న కాల్షియం 11 మిల్లీగ్రాములు. పప్పులో ఉన్నది 21 మిల్లీగ్రాములు. మొత్తం 35 మిల్లీగ్రాములకు మించదు. ఆ కుక్కకు కావలసినది 600 మిల్లీగ్రాములకు పైమాటే. అంటే అవసరంలో ఇరవయ్యో వంతు మాత్రమే అందుతున్నది. అదే ఆహారంలో భాస్వరం మాత్రం 220 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. కాల్షియం, భాస్వరాల నిష్పత్తి కనీసం 1:1 ఉండవలసి ఉండగా, ఇక్కడ దాదాపు 1:7గా ఉన్నది. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల నుంచి దానిని లాగుకుంటుంది. ఎదిగే కుక్కపిల్లలో కాళ్ళు వంకర తిరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం ఇందువల్లనే. ఒక వంద గ్రాముల పెరుగు చేర్చినా మొత్తం కాల్షియం అవసరంలో మూడో వంతుకు చేరదు. కాబట్టి తరతరాల పెరుగన్నం కూడా సమతుల్యమైనది కాదు.

మాంసకృత్తుల సంగతి కూడా అంతే. ఆ బియ్యం, పప్పు కలిపి సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఇస్తాయి. పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు నిర్దేశించే అమెరికా దాణా నియంత్రణ అధికారుల సంఘం సూచన ప్రకారం ప్రతి 1,000 కిలో కేలరీలకు 45 గ్రాములు, అంటే ఈ కుక్కకు దాదాపు 28 గ్రాములు ఉండాలి. మొత్తం తక్కువే కాక, మెథియోనిన్ మరింత తక్కువ.

ఈ లెక్క చూపి శాకాహారమే దోషమని తేల్చడం కూడా తొందరపాటే. ఎముక తీసిన కోడి మాంసం మాత్రమే తినే కుక్క పరిస్థితి ఇంతకంటె మెరుగు కాదు. వట్టి మాంసంలో కాల్షియం వంద గ్రాములకు పది, పదిహేను మిల్లీగ్రాములే. భాస్వరం దానికి పది రెట్లకు పైనే. ప్రేమతో వేళకింత మాంసం పెట్టిన కుక్కపిల్లలోనూ ఎముకల వ్యాధి వస్తుంది. మరోవైపు, పై బియ్యం, పప్పుల కాల్షియం లోటును పూడ్చడానికి ఒకటిన్నర గ్రాముల కాల్షియం కార్బొనేట్ చాలు. దాని ఖరీదు పైసలలో ఉంటుంది. కాబట్టి ఆహారం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా అన్నదానికంటె, లెక్క కట్టారా లేదా అన్నదే ముఖ్యం.

లోటు ఏర్పడే చోట్లు

వీగన్ ఆహారం రూపొందించేటప్పుడు శ్రద్ధ వహించవలసిన పోషకాలు కొన్ని ఉన్నాయి. వీటిలో విటమిన్ బి12 ఏ పంటలోను లభించదు. అయితే ఇది సూక్ష్మజీవులు తయారు చేసే పదార్థం. పరిశ్రమలో కిణ్వన పద్ధతిలో తయారవుతున్నది. కనుక జంతు పదార్థం లేకుండానే దీనిని ఆహారంలో చేర్చవచ్చు. చేర్చకపోవడానికి సాకు లేదు.

విటమిన్ డి విషయంలో ఒక భ్రమ బలంగా ఉన్నది. కుక్కను ఎండలో తిప్పితే చాలునని పలువురు భావిస్తారు. మనిషి చర్మం వలె కుక్క చర్మం సూర్యకాంతితో విటమిన్ డిని తగినంత తయారు చేయలేదు. అది ఆహారం ద్వారానే అందాలి. సాధారణంగా వాడే డి3 గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసినది. లైకెన్ల నుంచి తీసిన డి3, పుట్టగొడుగులు లేదా ఈస్టు నుంచి వచ్చే డి2 వీగన్ ప్రత్యామ్నాయాలు.

జింకు, ఇనుము వంటి ఖనిజాలు ధాన్యాలలోను, అపరాలలోను ఉన్నా, ఫైటేట్ వాటిని బంధించి ఉంచుతుంది. పట్టికలో కనిపించే అంకె అంతా కుక్క శరీరానికి చేరదు. రాగులు కాల్షియానికి పేరుగాంచినవి. వంద గ్రాములలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాని అక్కడా ఫైటేట్, ఆక్సలేట్‌లు అడ్డుపడతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. తెలుగు ఇళ్ళలో రాగి అంబలి పులియబెట్టే పద్ధతికి ఈ కారణంగా కుక్క ఆహారంలోనూ చోటు ఉన్నది. కేవలం రాగులను నమ్ముకొని కాల్షియం చేర్చకపోవడం మాత్రం తగదు.

అమైనో ఆమ్లాల విషయంలో సస్యశాస్త్రం నేరుగా తోడ్పడగలదు. వరి, జొన్న, మొక్కజొన్నలలో లైసిన్ తక్కువ. కంది, శనగ, పెసరలలో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. నువ్వులలో మెథియోనిన్ సమృద్ధిగా ఉన్నది. తెలుగువారి వంటలో కూరకు వాడే తెలగపిండి ఈ లోటును పూడ్చగల చవకైన వనరు. సోయాచిక్కుడులో వంద గ్రాములకు 36 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉన్నాయి. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాలను తగిన వేడితో నిర్మూలించాలి. వేడి మితిమీరితే లైసిన్ నష్టమవుతుంది. ఈ రెండు అంచుల మధ్య నడవడం ఇంటి పొయ్యి మీద సులభం కాదు.

గుండె జబ్బు వివాదం

అపరాలు అధికంగా గల ఆహారం కుక్కల గుండెకు చేటు చేస్తుందన్న అనుమానం కొన్నేళ్ళుగా చర్చలో ఉన్నది. 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. గుండె కండరం సాగి బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతి అనే వ్యాధి సోకిన కుక్కలలో అనేకం ధాన్యరహిత ఆహారం తిన్నవని, ఆ ఆహారంలో బఠాణీ, మసూరు వంటి అపరాలు ప్రధాన భాగాలుగా ఉన్నాయని పేర్కొన్నది. ఆ ఆహారాలలో అత్యధికం వీగన్ ఆహారాలు కావు. మాంసం ఉండి, ధాన్యానికి బదులు అపరాలు చేర్చినవి. 2022 డిసెంబరులో అదే సంస్థ, అర్థవంతమైన కొత్త సమాచారం వచ్చేవరకు ఇక ప్రకటనలు చేయబోమని తెలిపింది. కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. లేదని కూడా రుజువు కాలేదు. గోల్డెన్ రిట్రీవర్ వంటి కొన్ని జాతులలో టారిన్ లోపం త్వరగా ఏర్పడే అవకాశం ఉన్నందున, మెథియోనిన్‌తో పాటు టారిన్, కార్నిటిన్‌లను చేర్చడం, రక్తంలో టారిన్ స్థాయిని పరీక్షించడం వివేకవంతమైన మార్గం. ఈ రెండు పదార్థాలూ కృత్రిమంగా తయారైనవే లభిస్తున్నాయి.

పరిశోధనలు చెప్పేది ఎంత?

అనుకూల వర్గం చూపే అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. పరుగు పందేలలో పాల్గొనే 12 సైబీరియన్ హస్కీ కుక్కలపై జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, 16 వారాల పాటు మాంసరహిత ఆహారం తిన్న కుక్కలలో రక్త ప్రమాణాలు సాధారణ స్థాయిలోనే ఉన్నాయి. 2022లో వెలువడిన ఒక సర్వేలో 2,536 కుక్కల యజమానుల సమాధానాలను విశ్లేషించగా, వీగన్ ఆహారం తినే కుక్కల ఆరోగ్యం మామూలు మాంసాహార దాణా తినే వాటికి తీసిపోలేదని తేలింది. 2024లో అమెరికాలో 15 కుక్కలపై ఏడాది పాటు జరిపిన అధ్యయనంలో కూడా వైద్య పరీక్షల ఫలితాలు సంతృప్తికరంగా ఉన్నాయి. అదే ఏడాది బ్రిటిష్ పశువైద్య సంఘం, కుక్కలకు వీగన్ ఆహారం పట్ల అంతకుముందున్న వ్యతిరేకతను సడలించింది.

ఈ ఫలితాలను తోసిపుచ్చడం ఎంత తప్పో, వాటికి మించి చదవడం అంత తప్పు. పన్నెండు కుక్కలు, పదిహేను కుక్కలు అన్నవి చిన్న సంఖ్యలు. సర్వేలో ఆరోగ్యాన్ని చెప్పినది యజమాని. తాను నమ్మి ఎంచుకున్న ఆహారం గురించి యజమాని నిష్పక్షపాతంగా చెబుతాడని అనుకోలేము. క్షేత్ర ప్రయోగాలలో రైతు అభిప్రాయాన్ని, దిగుబడి తూకాన్ని వేరువేరుగా నమోదు చేసే అలవాటు ఉన్నవారికి ఈ తేడా వివరించనక్కరలేదు. ముఖ్యమైన మరో సంగతి: ప్రయోగాలలో కుక్కలు తిన్నది నిపుణులు లెక్కకట్టి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి, యంత్రాలపై తయారు చేసిన ఆహారం. ఇంట్లో వండిన పప్పన్నానికి ఆ ఫలితాలు వర్తించవు. ‘వీగన్ ఆహారం సురక్షితమని శాస్త్రం తేల్చింది’ అని చెబుతూ పప్పన్నం పెట్టడం, సంకర రకం దిగుబడిని చూపి నాటు విత్తనం అమ్మడం వంటిది.

పంట పొలంలో మొదలయ్యే ప్రమాదం

మొక్కల ఆధారిత ఆహారం గురించి జరిగే చర్చలో అఫ్లాటాక్సిన్ ప్రస్తావన దాదాపుగా కనిపించదు. ఇది సస్యశాస్త్రజ్ఞులు నొక్కి చెప్పవలసిన విషయం. అఫ్లాటాక్సిన్‌కు అతి సున్నితంగా స్పందించే జంతువులలో కుక్క ఒకటి. కలుషితమైన మొక్కజొన్న వాడిన దాణా వల్ల కాలేయం చెడి కుక్కలు మరణించిన ఉదంతాలు అమెరికాలో ఒకటికి మించి నమోదయ్యాయి. అక్కడ పెంపుడు జంతువుల ఆహారంలో దీనిని కిలోకు 20 మైక్రోగ్రాములకు మించనీయరు.

అనంతపురం వంటి వర్షాధార ప్రాంతాలలో కాయ ఊరే దశలో బెట్ట తగిలిన వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం పొలంలోనే ప్రవేశిస్తుంది. తీసిన కాయను చాలినంత ఆరబెట్టకుండా నిల్వ చేస్తే అది మరింత పెరుగుతుంది. నూనె తీసినప్పుడు విషపదార్థంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగిలిపోతుంది. మామూలుగా వండినంత మాత్రాన నశించదు. మనుషుల ఆహారానికి పనికిరాదని ఏరివేసిన గింజ, చెక్క చవకగా దాణా సరుకుగా చేరే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మాంసం తీసివేసి ఆ స్థానంలో వేరుశనగ చెక్కను, మొక్కజొన్నను పెంచిన ప్రతి ఆహారంలోనూ ఈ ప్రమాదం పెరుగుతుంది. పటాన్‌చెరు సమీపంలోని ఇక్రిశాట్ సంస్థ అఫ్లాటాక్సిన్‌ను గుర్తించే పద్ధతులపై, తట్టుకునే వేరుశనగ వంగడాలపై చేసిన కృషి ఇక్కడ అక్కరకు వస్తుంది. కాయలో తేమ 8 శాతానికి తగ్గేదాకా ఆరబెట్టాలన్న పాత సలహాకు కుక్క ఆరోగ్యం కొత్త కారణమవుతున్నది.

పర్యావరణ వాదనలో తూకం

పశువుల పెంపకం నేలపై, నీటిపై మోపే భారం తగ్గించడానికి కుక్క ఆహారం నుంచి కూడా మాంసాన్ని తొలగించాలన్నది మరో వాదన. అమెరికాలోని కుక్కలు, పిల్లులు తినే ఆహారం ఆ దేశపు పశు ఉత్పత్తి వల్ల కలిగే పర్యావరణ ప్రభావంలో 25 నుంచి 30 శాతానికి కారణమని 2017లో ఒక పరిశోధకుడు అంచనా వేశాడు. దీనికి ప్రతిగా, దాణాలో వాడేది ఎక్కువగా మనుషులు తినని అవయవ భాగాలేనని, అవి ఎలాగూ వృథా అయ్యేవేనని పరిశ్రమ వాదిస్తుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించినంతవరకు మరో ప్రశ్న అడగాలి. దేశం తన అవసరాలకు కందిపప్పును దిగుమతి చేసుకుంటున్న స్థితిలో, మంచి పప్పును కుక్క దాణాలోకి మళ్ళించడం సమంజసమా? ఇందుకు సమాధానం మిల్లులలోనే ఉన్నది. బియ్యపు మిల్లులో వచ్చే నూకలు, పప్పు మిల్లులో వచ్చే పప్పు నూక, నూనె తీసిన సోయా పిండి, తెలగపిండి ఈ నాలుగూ ఉప ఉత్పత్తులే. వీటిని శుభ్రపరచి, పరీక్షించి, తగిన పాళ్ళలో కలిపి, లోటు పోషకాలను చేర్చితే మనుషుల ఆహారంతో పోటీ లేని శునకాహారం తయారవుతుంది. మిల్లు నడిపే చిన్న పారిశ్రామికులకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇది అదనపు విలువనిచ్చే మార్గం కూడా.

విశ్వవిద్యాలయాల కర్తవ్యం

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ, పశువైద్య, గృహవిజ్ఞాన శాఖలు ఒకే పాలనలో ఉండేవి. 2005లో తిరుపతి కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. ఈ విభజన వల్ల పశువైద్య విద్యకు మేలే జరిగింది. అయితే గింజ గురించి తెలిసినవారూ, జంతువు గురించి తెలిసినవారూ ఒకే బల్ల వద్ద కూర్చునే సందర్భాలు తగ్గాయి. శునకాహారం వంటి అంశం వారిని తిరిగి కలపవలసినది.

కలిసి చేయవలసిన పని మూడు దశలుగా ఉండాలి. మొదటిది, స్థానిక నూకలు, అపరాలు, చెక్కలలో అమైనో ఆమ్లాలు, ఖనిజాలు, ఫైటేట్, అఫ్లాటాక్సిన్‌ల విశ్లేషణ; రకాన్ని బట్టి, ఋతువును బట్టి వచ్చే తేడాల నమోదు. రెండవది, కుక్కలకు ఏ హానీ లేని పద్ధతిలో జీర్ణతా పరీక్షలు. మూడవది, దీర్ఘకాలిక పోషణ పరీక్షలు. అమెరికా ప్రమాణం ప్రకారం ఎదిగిన కుక్కల ఆహారానికి ఎనిమిది కుక్కలపై 26 వారాల పరీక్ష సరిపోతుంది. గుండె జబ్బు వంటివి బయటపడటానికి ఆ వ్యవధి చాలదు. రెండు మూడేళ్ళ పరిశీలనకు యజమానుల సహకారంతో, పశువైద్య కళాశాలల చికిత్సాలయాల ద్వారా పథకం వేయడం సాధ్యమే. స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో ఒకటికి పది పరిశోధనాంశాలు ఉన్నాయి.

ఈలోగా విస్తరణ విభాగాలు చెప్పవలసిన సలహాలు కొన్ని ఉన్నాయి. కుక్కపిల్లలకు, చూలు కుక్కలకు, పాలిచ్చే కుక్కలకు పశువైద్య పోషణ నిపుణుని పర్యవేక్షణ లేకుండా వీగన్ ఆహారం పెట్టరాదు. ఎదిగిన కుక్కకు పెట్టదలచినవారు, ప్రమాణాల మేరకు సంపూర్ణ ఆహారమని స్పష్టంగా పేర్కొన్నదానినే ఎంచుకోవాలి. అనుబంధ ఆహారాన్ని పూర్తి ఆహారంగా వాడరాదు. పాత ఆహారం నుంచి కొత్త ఆహారానికి వారం, పది రోజులలో క్రమంగా మార్చాలి. నెలకొకసారి బరువు చూడాలి. మార్చిన ఆరు నెలలకు, ఆపైన ఏటేటా రక్త, మూత్ర పరీక్షలు చేయించాలి. మొక్కల ఆహారం వల్ల మూత్రం క్షార స్వభావం పొంది, కొన్ని రకాల రాళ్ళు ఏర్పడే వీలున్నది. ఇంటి పప్పుచారులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి; ద్రాక్ష, ఎండు ద్రాక్ష మూత్రపిండాలకు హాని. ఈ జాగ్రత్తలు పాటించలేని ఇంట కుక్కకు గుడ్డు, పాలు, మాంసం గల సమతుల్య ఆహారం పెట్టడమే ధర్మం.

యజమాని నియమం ఆయన స్వేచ్ఛ. ఆయన ఆకలిని, నీరసాన్ని తాను గుర్తించి, కావలసినది తెచ్చుకోగలడు. కుక్క తన ఎముక పలుచబడుతున్నదని చెప్పలేదు; గిన్నెలో పెట్టినది తిని, తోక ఊపి, మరునాడు మళ్ళీ అదే గిన్నె వద్దకు వస్తుంది. ఆ నమ్మకమే యజమాని మీద భారం మోపుతున్నది. జీవహింస వద్దన్న కరుణతో మొదలైన నియమం, తన గడపలోని జీవికి తెలియని హింసగా మారకూడదు. అలా మారకుండా చూడగల విజ్ఞానం ఈనాడు ఉన్నది. దానిని తూకం వేసి, పరీక్షించి, తెలుగులో ఇంటింటికీ చేర్చే పని మిగిలి ఉన్నది.